ముందు ఊఁ కొట్టడం నేర్చుకోండి

ప్రశ్న: మాది రాజమండ్రి. నాకు 42 ఏళ్ళు. మావారి ఉద్యోగం వల్ల మూడేళ్ళుగా టోక్యోలో, నిషి కసాయిలో ఉంటున్నాం. ఊరికే కూర్చోవడం ఇష్టం లేక వచ్చిన ఏడాదే జపనీస్ మొదలుపెట్టాను. ఇక్కడి అక్షరమాలలు హిరగానా, కతకానా చదువుతాను, చైనా నుంచి వచ్చిన బొమ్మల్లాంటి అక్షరాలు, కాంజీలు, మూడొందల దాకా గుర్తుపడతాను. జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలో ఎన్4 మెట్టు పాసయ్యాను. అయినా ఎవరైనా ఎదురుపడి పలకరిస్తే నోరు పెగలదు. మనసులో వాక్యం కూర్చుకునేసరికి వాళ్ళు నవ్వి, తల వంచి వెళ్ళిపోతారు. కొట్లో ఫోన్ చూపించి నెట్టుకొస్తున్నాను. మా అబ్బాయి ఇక్కడి ప్రభుత్వ బడిలో ఐదో తరగతి. వాడే నాకు దుబాసీ. మొన్న బడి గేటు దగ్గర వాళ్ళ టీచరు నన్నేదో అడిగింది. నేను తడబడుతుంటే వాడు నా చెయ్యి లాగి, "అమ్మా, నువ్వు మాట్లాడకు, నేను చెప్తాలే" అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నలభై దాటాక నాలుక తిరగదంటారు, నిజమేనా? ఎన్3కి కూర్చోనా, ఇంకో క్లాసులో చేరనా, వదిలెయ్యనా?
- ఒక పాఠకురాలు, టోక్యో

జవాబు: మీ అబ్బాయి మాట ఎక్కడ గుచ్చుకుందో నాకు తెలుసమ్మా. నేను గుంటూరు నుంచి యొకొహామా వెళ్ళేసరికి నాకు 39 ఏళ్ళు. మా అమ్మాయి అక్కడ మూడో తరగతిలో చేరింది. ఆరు నెలలు తిరక్కుండానే అది కూరగాయల కొట్టు ముసలాయనతో, నన్ను చూపిస్తూ, "అమ్మకి అర్థం కాదు" అంది, జపనీస్‌లో. వకరనై. ఆ రోజు ఆ కొట్లో నాకు అర్థమైన మాట అదొక్కటే.

ఎన్3 సంగతి ముందు తేల్చేద్దాం. ఇప్పుడు కూర్చోకండి. జూలైలోనూ డిసెంబరులోనూ జరిగే ఆ పరీక్షలో పదాలు, వ్యాకరణం, చదవడం, వినడం ఉంటాయి. అన్నిటికంటే కింది ఎన్5 నుంచి అన్నిటికంటే పై ఎన్1 దాకా ఏ మెట్టులోనూ నోరు తెరిచే పని లేదు. జవాబు కాగితంలో గుండ్రాలు నింపి రావడమే. పై మెట్లు పాసై కూడా డాక్టరు దగ్గర నొప్పి ఎక్కడో చెప్పలేనివాళ్ళను చూశాను, ఏ పరీక్షా రాయకుండా చేపల కొట్టాయనతో అరగంట కబుర్లాడేవాళ్ళనూ చూశాను. మీ నోటికి ఇంతవరకు పరీక్షే పెట్టలేదు. అది తప్పిందని ఎందుకనుకుంటున్నారు?

వయసు మాటలో కొంత నిజం ఉంది. ఉచ్చారణలో చిన్నపిల్లల్ని అందుకోవడం కష్టం. ఇంకో పదేళ్ళు అక్కడే ఉన్నా ఫోనులో మీ గొంతు వినగానే విదేశీయురాలని తెలిసిపోవచ్చు. తెలియనివ్వండి, నష్టమేముంది? కానీ "పిల్లలు పట్టేస్తారు, పెద్దవాళ్ళకు పట్టుబడదు" అన్నది అంత సూటిగా నిలబడే మాట కాదు. నెదర్లాండ్స్‌లో కాపురం పెట్టిన ఇంగ్లీషు మాతృభాషవాళ్ళు డచ్చి ఎలా నేర్చుకుంటున్నారో పరిశీలించిన ఒక అధ్యయనం 1978లో వెలువడింది. మొదటి నెలల్లో వేగంగా సాగింది పన్నెండు, పదిహేనేళ్ళ మధ్య పిల్లలు, పెద్దవాళ్ళు. అందరికంటే వెనకబడింది మూడు నుంచి ఐదేళ్ళ పసివాళ్ళు. పసివాళ్ళ లాభం ఏళ్ళ మీద వస్తుంది. మీవాడి చేతిలో ఉన్నది వయసు ఒక్కటే కాదు. వాడు రోజుకు ఆరేడు గంటలు జపనీస్‌లో ఆడుతున్నాడు, పోట్లాడుతున్నాడు, టీచరుతో చీవాట్లు తింటున్నాడు. నిన్న మీరు జపనీస్ మాట్లాడింది ఎన్ని నిమిషాలు? పుస్తకం చదివిందీ ఫోనులో నొక్కిందీ కలపకుండా లెక్కపెట్టండి.

మీరుండే పేట కూడా దీనికి కొంత కారణం. 2000 ప్రాంతంలో కంప్యూటర్ ఇంజనీర్లు కుటుంబాలతో దిగిన దగ్గర్నుంచి నిషి కసాయి మనదేశం వాళ్ళ పేట అయింది. కందిపప్పు దొరుకుతుంది, కరివేపాకు దొరుకుతుంది, కష్టసుఖాలు చెప్పుకోను తెలుగావిడ దొరుకుతుంది. అది అదృష్టమే, కాదనను. కానీ అక్కడ జపనీస్ రాకపోయినా రోజు గడిచిపోతుంది. గడిచిపోయే పనికి నోరు ఎందుకు కష్టపడుతుంది?

ఇక అసలు విషయం. "మనసులో వాక్యం కూర్చుకునేసరికి" అని రాశారు చూడండి, నేను ఆగింది అక్కడ. ఏ భాషలోంచి కూరుస్తున్నారు? ఇంగ్లీషులోంచి అని నా అనుమానం. నేనూ అదే చేశాను. పుస్తకాలూ యాప్‌లూ మనకు ఇంగ్లీషులోనే వివరిస్తాయి కాబట్టి తెలుగు బుర్ర ముందు ఇంగ్లీషులోకి వెళ్ళి, అక్కణ్ణుంచి జపనీస్‌కి బయల్దేరుతుంది. విజయవాడ నుంచి ఏలూరు వెళ్ళడానికి హైదరాబాదులో బస్సు మారినట్టు. ఇంగ్లీషువాళ్ళకు జపనీస్ తలకిందుల భాష. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు భాషలు నేర్పడంలో జపనీస్‌కు వేసుకున్న లెక్క 2200 తరగతి గంటలు. ఫ్రెంచి, స్పానిష్‌లకు దాంట్లో సుమారు మూడో వంతు చాలు. ఆ అంకె చూసి బెంబేలు పడకండి. అది ఇంగ్లీషు నోటికి కట్టిన లెక్క.

మీ తెలుగు నోటితో ఇవి పలికి చూడండి. "నిన్న కొన్న పుస్తకం" - కినో కత్త హొన్. మాటకు మాట, అదే వరసలో. "రేపు వస్తానని అన్నాడు" - అషిత కురు తొ ఇత్త. ఆ "తొ" మన "అని". "తిని చూడు" అంటాం కదా, కళ్ళతో చూసేదేమీ లేకపోయినా. వాళ్ళదీ తబెతె మిరు. తబెతె అంటే తిని, మిరు అంటే చూడటం. బియ్యం "కడిగి పెట్టు" అంటాం, ముందుగా చేసి ఉంచమని. అరత్తె ఒకు, అరత్తె అంటే కడిగి, ఒకు అంటే పెట్టడం. ఇంగ్లీషులో ఒక్కోదానికి పేజీడు వివరణ కావాల్సినవి మనకు వంటింట్లోనే ఉన్నాయి. పేరు చివర "సన్" మన "గారు". "నేను సుబ్బారావు గారిని" అని ఎవరూ చెప్పుకోనట్టే వాళ్ళూ తమ పేరుకు సన్ తగిలించుకోరు. వాక్యం చివర "నె" మన "కదా", "కదండీ". ఎదుటివాళ్ళ మాటకు "సో దెస్ క" అంటే అచ్చంగా మన "అలాగా".

ఉచ్చారణలోనూ అంతే. ఒబసన్ అంటే అత్తో పిన్నో, ఒబాసన్ అంటే మామ్మ. కితె అంటే రా, కిత్తె అంటే తపాలా బిళ్ళ. దీర్ఘానికీ ఒత్తుకూ అర్థం మారిపోవడం ఇంగ్లీషువాళ్ళకు కొత్త. కల, కాల, గడి, గడ్డి అంటూ పెరిగిన మనకు కొత్తేముంది? త్సు అనే అక్షరం దగ్గర తెల్లవాళ్ళు తంటాలు పడుతుంటే నేను "చుట్టం" అన్నప్పటి చు పెట్టుకుని నెట్టుకొచ్చాను, ఎవరూ తప్పు పట్టలేదు. బస్సు, బెడ్డు, టికెట్టు, పాకెట్టు అంటామని చిన్నప్పుడు ఇంగ్లీషు మాస్టారు వెక్కిరించేవారు. జపానులో అవి బసు, బెద్దొ, చికెత్తొ, పొకెత్తొ. మాస్టారు ఒక్కసారి వచ్చి చూడాల్సింది.

ఇంత పోలిక చూసి రెండూ చుట్టాలేమో అనుకోకండి. సుసుము ఓనొ అనే జపాను భాషావేత్త జపనీస్‌కూ తమిళానికీ చుట్టరికం ఉందని వాదించారు గానీ ఎక్కువమంది భాషావేత్తలు ఒప్పుకోలేదు. క్రియ చివర పెట్టుకునే భాషలు ప్రపంచంలో బోలెడున్నాయి. మనకు కావాల్సింది వంశవృక్షం కాదు కదా, వాడుకకు పనికొస్తే చాలు. కాంజీల దగ్గర మాత్రం తెలుగు ఏ సాయమూ చెయ్యదు. వాడుక కాంజీల అధికారిక పట్టికలో 2136 ఉన్నాయి, అవి ఎవరికైనా కొండలే. కొన్నాళ్ళు పక్కన పెట్టండి. నోటి మాటకు వాటితో పని లేదు.

సరే, వాక్యం తెలుగులోంచి కూర్చినా సమయం పడుతుంది. ఎదుటివాళ్ళు ఆగరు. అందుకే వాక్యాలు తర్వాత, ముందు ఊఁ కొట్టడం నేర్చుకోండి అంటున్నాను.

చిన్నప్పుడు మామ్మ కథ చెప్తుంటే ఊఁ కొట్టకపోతే ఏం చేసేది? ఆపేసేది. "వింటున్నావా, నిద్రపోయావా?" అనేది. బుర్రకథ చెప్పేవాడు ఎంత ఘనుడైనా పక్కన వంతలు "తందాన తాన" అనకపోతే కథ సాగదు. జపనీస్ సంభాషణ మొత్తం అలాగే నడుస్తుంది. మాట్లాడేవాళ్ళు వాక్యం పూర్తి కాకుండానే "నె" అని చిన్న విరామం ఇస్తారు. ఆ ఖాళీ మీది. మీరేమీ అనకపోతే ఈవిడకు అర్థం కాలేదనో, ఇష్టం లేదనో అనుకుని నవ్వి, తల వంచి వెళ్ళిపోతారు. మీ ఉత్తరంలో ఉన్నది అదే కదా! మీరు జవాబు కోసం వెతుక్కుంటున్నారు, వాళ్ళు ఊఁ కోసం చూస్తున్నారు.

దీనికి వాళ్ళ దగ్గర పేరుంది, ఐజుచి. కొలిమి దగ్గర ఇద్దరు కమ్మర్లు ఎదురెదురుగా నిలబడి, గురువు ఒక దెబ్బ, శిష్యుడు ఒక దెబ్బ మార్చి మార్చి వేస్తారే, ఆ రెండో సుత్తి ఐజుచి. "ఐజుచి ఒ ఉత్సు" అంటారు. ఉత్సు అంటే కొట్టడం. మనమూ ఊఁ "కొడతాం". ఈ సంగతి తెలిసిన రోజు నేను వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

మామూలుగా వినేటప్పుడు "హై" లేదా "ఎ ఎ". కొత్త సంగతి చెప్తే "సో దెస్ క". వాళ్ళ అభిప్రాయం చెప్తే "సో దెస్ నె", అంటే అవును కదండీ. ఆశ్చర్యానికి సాగదీసి "హే...", మన "అబ్బో" లాగా. నమ్మలేనట్టు "హొంతో దెస్ క", నిజమా అండీ. కథ ఆగిపోతే "సొరె దె?", అంటే "అయితే?", "తర్వాత?". "నరుహొదొ" అని ఒకటి వింటుంటారు, ఓహో అలాగన్నమాట అని. స్నేహితుల మధ్య బాగుంటుంది గానీ పెద్దవాళ్ళతో, టీచర్లతో అంటే కాస్త చనువు ఎక్కువైనట్టుంటుంది. ఈ అరడజను మాటలతో మొదటి నెల గడిపెయ్యొచ్చు. అతిశయోక్తి కాదు. ఎదుటివాళ్ళకు మాట్లాడాలని ఉంటే మీరు పది మాటలు మాట్లాడి ఇరవై నిమిషాల సంభాషణ చేయించొచ్చు, ఆ ఇరవై నిమిషాలూ మీ చెవిలో పడతాయి. మాట వెతుక్కోవాల్సి వస్తే మాత్రం నోరు మూసుకుని వెతక్కండి. "అనో..." అనండి. ఆ మాటకు అసలర్థం "ఆ", "ఆ చెట్టు" అన్నప్పటి ఆ. మనం "అదీ..." అని సాగదీసినట్టే. అది విన్నారంటే మీ వంతు మీకే ఉంచుతారు.

ఒక్క జాగ్రత్త. మా అపార్టుమెంటు కింద చెత్త వేసే చోటు దగ్గర ఒక పెద్దాయన ఓ రోజు నాతో ఏదో చెప్పుకుపోతున్నాడు. కొత్తగా అబ్బిన విద్య కదా, హై, హై అంటూ తల ఊపాను. చివర్న ఆయనేదో అడిగినట్టు ఆగాడు, అప్పుడూ హై అన్నాను. ఆయన సంతోషంగా తల వంచి వెళ్ళాడు. మూడో రోజు పొద్దున్నే తలుపు తట్టి చీపురు చేతిలో పెట్టాడు. ఆ నెలంతా చెత్త చోటు శుభ్రం చేసే వంతు నాదేనని ఒప్పుకున్నానట! కథ మధ్యలో హై అంటే "వింటున్నా". ప్రశ్న తర్వాత హై అంటే ఒప్పుకోలు. కథకు ఊఁ అనడం వేరు, "పదివేలు అప్పిస్తావా" అన్నాక ఊఁ అనడం వేరు, మనకు తెలియంది కాదు. వాక్యం చివర ప్రశ్నకు గుర్తైన "క" వినిపించి, వాళ్ళు మీ మొహం వంక చూస్తూ ఆగారంటే హై అనకండి.

అప్పుడేమనాలి? "మళ్ళీ చెప్పండి" అంటే మొత్తం అదే వేగంతో మళ్ళీ చెప్తారు, కాస్త గట్టిగా. లాభం లేదు. చెవిలో పడిన ఒక్క ముక్క పట్టుకుని దాని వెనక "త్తె నన్ దెస్ క" తగిలించండి. "అంటే ఏంటండీ" అన్నమాట. "తోబన్ త్తె నన్ దెస్ క?" అని ఆ రోజు అడిగి ఉంటే, తోబన్ అంటే వంతు అని ఆయన చీపురు ఊడ్చినట్టు చేసి చూపించి ఉండేవాడు. ఇంకొకటి, "యసషీ నిహొంగొ దె ఒనెగై షిమస్", తేలిక జపనీస్‌లో చెప్పండి అని. 1995లో కోబె ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చినప్పుడు హెచ్చరికల భాష అర్థంకాక విదేశీయులు చాలా అవస్థ పడ్డారు. అప్పటినుంచి చిన్న వాక్యాలతో తేలిక జపనీస్ వాడాలన్న ఆలోచన మొదలైంది. వార్డు ఆఫీసులవాళ్ళకు ఆ మాట బాగా తెలుసు. అడగడం నామోషీ కాదు.

ఎవరితో మాట్లాడాలి అన్నది తర్వాతి చిక్కు. కొట్లో కౌంటరమ్మాయితో కాదు. ఆ అమ్మాయి అడిగేవి మూడో నాలుగో ప్రశ్నలు. "ఫుకురొ" అని వినపడితే సంచీ కావాలా అని, 2020 జూలై నుంచి ప్లాస్టిక్ సంచీకి డబ్బులు కాబట్టి తప్పకుండా అడుగుతారు. "అతతమె" అని వినపడితే వేడి చెయ్యాలా అని. అక్కర్లేకపోతే "దైజోబు దెస్". ఫోను పర్సులో పెట్టుకుని ఇంతమాత్రం చెయ్యండి, ధైర్యం వస్తుంది. కానీ వెనక వరస ఉంటుంది, అది సంభాషణ కాదు.

మీకు కావాల్సింది తీరిక ఉన్నవాళ్ళు, రోజూ అదే చోట కనపడేవాళ్ళు. జపానులో తీరికకు కొదవ లేనిది ముసలివాళ్ళకే. పొద్దున 6:30కి ఎన్‌హెచ్‌కే రేడియోలో పది నిమిషాల వ్యాయామం వస్తుంది, రాజియొ తైసొ. 1928లో మొదలైంది. మీ చుట్టుపక్కల పార్కుల్లో ఎక్కడో ఒకచోట పెద్దవాళ్ళు చేరి చేస్తూనే ఉంటారు. వెళ్ళి వెనక వరసలో నిలబడండి. చేతులూపడానికి భాష అక్కర్లేదు. వారం రోజులయ్యేసరికి ఎవరో ఒకావిడ "అత్సుయి దెస్ నె" అంటుంది, ఎండలు మండిపోతున్నాయి కదండీ అని. రాజమండ్రిలో ఇంతకంటే ఎక్కువని వివరించబోకండి. "సో దెస్ నె" చాలు. వారానికోసారి కూర్చుని మాట్లాడటానికి వార్డు ఆఫీసులో అడిగితే వాలంటీర్లు నడిపే జపనీస్ తరగతుల వివరాలిస్తారు. ఖర్చు పెద్దగా ఉండదు. క్లాసులో చేరాలనే ఉంటే అలాంటి దాంట్లో చేరండి, వ్యాకరణం బోర్డు మీద రాసే దాంట్లో వద్దు.

ఇంటి ముందు పలకరింపులు మీకు నేర్పక్కర్లేదు. బయల్దేరేవాళ్ళను "ఎక్కడికి" అనకూడదని "ఎందాకా?" అంటాం, వాళ్ళు "ఇలా ఇక్కడిదాకా" అంటారు, సంతకో ఆసుపత్రికో చెప్పరు. పొరుగావిడ "ఒదెకకె దెస్ క" అంటే బయటికా అండీ అని. జవాబు "చొత్తొ సొకొ మదె", అంటే ఇలా కాస్త అక్కడిదాకా. ఆవిడకు మీ టైంటేబుల్ అక్కర్లేదు.

ఊఁ కొట్టడం కుదురుకున్నాక మీ వంతు వస్తుంది. "ఎక్కణ్ణుంచి వచ్చారు?" అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. దానికో కథ తయారుచేసుకోండి, ఐదారు వాక్యాల్లో. మా ఊళ్ళో గోదావరి అని పెద్ద నది ఉంది, మీ అరకావా కంటే చాలా వెడల్పు. దానిమీద ఒక వంతెన ఉంది, పైన బస్సులు వెళ్తాయి, కింద రైలు వెళ్తుంది. చిన్నప్పుడు రైల్లోంచి నదిలో డబ్బులు వేసేవాళ్ళం. వాలంటీరు టీచరుతో దిద్దించుకుని, పదిమందికి పదిసార్లు చెప్పండి. మొదటిసారి నత్తి, మూడోసారి తప్పులు, ఏడోసారికి ఎక్కడ "హే..." వస్తుందో మీకే తెలిసిపోతుంది. నాది గుంటూరు మిర్చి యార్డు కథ. పదకొండేళ్ళలో అది ఎన్నిసార్లు చెప్పానో!

అబ్బాయి విషయం. వాడి దుబాసీ ఉద్యోగం మాన్పించండి, కోపంతో కాదు, ఒప్పందంతో. "నేను నీ భుజం మీద చెయ్యి వేసేదాకా నువ్వు మాట్లాడకు" అని చెప్పండి. డాక్టరు దగ్గరకూ సంతకాలు పెట్టే చోటుకూ మాత్రం పిల్లాణ్ణి వాడకండి, అక్కడ పెద్దవాళ్ళెవరైనా తోడు కావాలి. వాడి దగ్గర మాటలు నేర్చుకోబోకండి కూడా. బడిలో మగపిల్లలు "నేను" అనడానికి మొరటుగా "ఒరె" అంటారు, బాగున్నా బాగోకపోయినా అన్నిటికీ "యబై" అంటారు. నలభై రెండేళ్ళ తల్లి నోట అవి వస్తే టీచరు నవ్వాపుకోవాలి. మీరు దెస్, మస్ వదలకండి, అవి మన "అండీ"లు. ఈసారి గేటు దగ్గర టీచరు కనపడితే ఆవిడ అడిగేదాకా ఆగకుండా మీరే ముందు "ఇత్సుమొ ఒసెవ ని నత్తె ఇమస్" అనండి. మావాణ్ణి ఎప్పుడూ కనిపెట్టుకుని ఉంటున్నారని దాని భావం. తర్వాత ఆవిడ చెప్పేదానికి ఊఁ కొట్టండి.

ఆ చీపురు సంగతి ముగించలేదు. నెల రోజులు పొద్దున్నే ఆ పెద్దాయన కూడా వచ్చి పక్కన నిలబడేవాడు, నేను సరిగ్గా చేస్తున్నానో లేదో చూడటానికి. ఏ సంచీ ఏ రోజుదో చెప్పాడు, తర్వాత కాకుల బెడద, తర్వాత కొడుకు ఫోన్ చెయ్యడని, తర్వాత భార్య పోయిన ఏడాది సంగతి. నేను చిమ్ముతూ సో దెస్ క, సొరె దె అంటూ ఉండేదాన్ని. నా జపనీస్ ఆ నెలలో వచ్చింది. మీ బిల్డింగులో అలాంటి వంతు ఉందేమో కనుక్కోండి. ఉంటే "కొంగెత్సు, వతషి గ తోబన్ ఒ షిమస్" అనండి, ఈ నెల వంతు నేను చేస్తానని. చీపురు వాళ్ళే ఇస్తారు.